నిప్పురవ్వకు చోటు లేని ఇల్లు

కొత్త అమావాస్యకు అనకాపల్లిలో నూకాలమ్మ జాతర మొదలవుతుంది. అప్పటికి శారదా నది దాపున ఉన్న మా తుమ్మపాల చుట్టుపక్కల చెరకు నరుకుళ్లు చాలావరకు ముగుస్తాయి. నరికిన పొలాల్లో చెరకు ఎండుటాకు దట్టంగా పరుచుకొని ఉంటుంది. బెల్లం పొయ్యిల దగ్గర పిప్పి గుట్టలు గుట్టలుగా ఎండుతూ ఉంటుంది. కళ్లాల్లో గడ్డికుప్పలు లేచి ఉంటాయి. ఇళ్ల వెనక పిడకలు, కట్టెలు, కొబ్బరి మట్టలు, తాటి కమ్మలు పేర్చి ఉంటాయి.

విద్యార్థులారా! ఈ వస్తువుల పట్టికను మరొకసారి చదవండి. వీటిలో మనకు అక్కరలేనిది ఒక్కటైనా ఉన్నదా? గడ్డి పశువుల మేత. పిప్పి బెల్లం పొయ్యికి ఆధారం. తాటి కమ్మ పాకకు కప్పు. ఇవన్నీ మన జీవనాధారాలు. కాని విజ్ఞానశాస్త్రం వీటన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తుంది: ఇంధనం. ఉత్తరాంధ్ర పల్లెల్లో చైత్ర వైశాఖ మాసాలు వచ్చేసరికి ఈ ఇంధనం మన గోడల పక్కనే పూర్తిగా ఎండి, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది.

వేసవిలో పూరిళ్లు కాలిన వార్తలు మీరు చదివే ఉంటారు. ఒక ఇంట్లో మొదలైన మంట వీధి వీధినీ చుట్టబెడుతుంది. అటువంటి చోట ఒక్కొక్కప్పుడు ఒక వింత కనిపిస్తుంది. అటు ఇల్లు, ఇటు ఇల్లు బూడిదై, నడుమ ఒక ఇల్లు చెక్కుచెదరకుండా నిలుస్తుంది. "అదృష్టం" అంటారు పెద్దలు. ఆ అదృష్టంలో ఎంత భాగం భౌతికశాస్త్రమో ఈ వ్యాసంలో చూద్దాం.

నిప్పుకు మూడు కాళ్లు

నిప్పు మండాలంటే మూడు కావాలని మీరు తరగతిలో చదివారు. మండే వస్తువు, ప్రాణవాయువు, జ్వలన ఉష్ణోగ్రతకు చేర్చే వేడి. ముక్కాలిపీటకు ఒక కాలు తీసేస్తే పీట నిలవదు. అలాగే ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నిప్పు నిలవదు.

ఇప్పుడు ఆలోచించండి. ఇంటి చుట్టూ ఉన్న గాలిలోనుంచి ప్రాణవాయువును మనం తీసివేయగలమా? తీసివేయలేము. ఏప్రిల్ నెల ఎండను ఆపగలమా? ఆపలేము. ఎవరో విసిరిన బీడీ ముక్కను, పక్క పొలంలో పెట్టిన మంటను, తీగలు రాసుకున్నప్పుడు రాలే మెరుపును ప్రతిసారీ అడ్డుకోగలమా? అదీ కష్టమే. మన చేతిలో పూర్తిగా ఉన్నది మూడో కాలు ఒక్కటే. అదే ఇంధనం. దాన్ని ఎక్కడ ఉంచాలో, ఎక్కడ ఉంచకూడదో నిర్ణయించేది మనమే.

సన్నని వస్తువు త్వరగా ఎందుకు మండుతుంది?

అగ్గిపుల్లతో పెద్ద దుంగను అంటించలేరు. అదే దుంగను చీల్చి, గొరిగి, సన్నని పొట్టు చేస్తే ఒక్క పుల్లకే భగ్గుమంటుంది. కట్టె అదే కదా, ఈ తేడా ఎక్కడిది? కాగితం, పెన్సిలు తీసుకోండి.

ప్రతి భుజం 10 సెంటీమీటర్లు ఉన్న ఒక కొయ్య ఘనాన్ని ఊహించండి. దానికి ఆరు ముఖాలు. ఒక్కొక్క ముఖం 100 చదరపు సెంటీమీటర్లు. మొత్తం ఉపరితలం 600 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు ఆ ఘనాన్ని ఒక్కొక్కటి 1 మిల్లీమీటరు మందం ఉండేలా 100 పలకలుగా కోశామనుకోండి. ఒక్కొక్క పలకకు రెండు పెద్ద ముఖాలు కలిపి 200, అంచులు నాలుగూ కలిపి 4, మొత్తం 204 చదరపు సెంటీమీటర్లు. నూరు పలకలకు 20,400. అంటే కొయ్య పెరగలేదు, బరువు పెరగలేదు, గాలికీ వేడికీ అందే ఉపరితలం మాత్రం 34 రెట్లయింది!

పైగా పలుచని పలక లోపలి దాకా క్షణాల్లో వేడెక్కుతుంది. మందపు దుంగలో ఆ వేడి లోపలికి జారిపోతుంది. కొయ్య వేడెక్కి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి దానిలోని పదార్థం విడిపోయి, మండే వాయువులు బయటకు వస్తాయి. మనం చూసే మంట నిజానికి ఆ వాయువులదే. తాటాకు, చెరకాకు, వరిగడ్డి, పిప్పి అన్నీ ప్రకృతి ముందే పలుచగా కోసి పెట్టిన కొయ్యలవంటివి. కాబట్టి మన ఇంటికి ప్రమాదం గుమ్మం పక్కనున్న లావుపాటి వేపచెట్టు మాను వల్ల తక్కువ, దాని కింద రాలిన గుప్పెడు ఆకుల వల్ల ఎక్కువ.

మంట మన ఇంటికి ఎలా వస్తుంది?

"మంట పాకింది" అంటాం. అది పాకే దారులు మూడున్నాయి.

మొదటిది తాకిడి. గడ్డికుప్ప మంట దడికి తగులుతుంది, దడి మంట చూరుకు తగులుతుంది. ఎండు దడి అనేది మంట నడవడానికి మనం వేసిన రహదారి.

రెండోది ఉష్ణవికిరణం. మంటకు ఎదురుగా నిలబడితే ముఖం చురుక్కుమంటుంది. మంట తాకకుండానే వేడి అందుతుంది. ఈ వేడి దూరంతో చాలా త్వరగా తగ్గుతుంది. ఒక చిన్న మంట నుంచి మీరు రెండింతల దూరం జరిగితే మీకందే వేడి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడింతలు జరిగితే తొమ్మిదో వంతు. పొడవాటి గోడలాంటి మంట దగ్గర ఈ తగ్గుదల ఇంత వేగంగా ఉండదుగాని, అక్కడ కూడా దూరమే రక్ష.

అంకెలు కావాలా? మిట్టమధ్యాహ్నపు ఎండ ఒక చదరపు మీటరు మీద సుమారు 1 కిలోవాటు వేడిని కురిపిస్తుంది. పక్కనే నిప్పురవ్వ సిద్ధంగా ఉన్నప్పుడు మామూలు కొయ్య అంటుకోవాలంటే సుమారు 12.5 కిలోవాట్లు కావాలి. అంటే పన్నెండు సూర్యుళ్లు ఒక్కసారి కాయాలి, అదీ కొంతసేపు. మంటకు దగ్గరగా ఇది సాధ్యమే. దూరం బాగా పెరిగితే అసాధ్యం.

దీన్ని నిజమైన అడవి మంటతోనే పరీక్షించి చూశారు. 1990ల చివరి సంవత్సరాల్లో కెనడా వాయవ్య ప్రాంతపు అడవుల్లో శాస్త్రజ్ఞులు కావాలని పెద్ద మంటలు రగిలించి కొలతలు తీసుకున్నారు. అమెరికా అటవీ విభాగానికి చెందిన జాక్ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు అడవి అంచు నుంచి 10, 20, 30 మీటర్ల దూరాల్లో కొయ్యగోడలు నిలబెట్టించాడు. చెట్ల కొనల మీదుగా ఎగసిన మంట ఆ గోడల వైపే వచ్చింది. 10 మీటర్ల దూరంలోని గోడల్లో కొన్ని అంటుకున్నాయి. 20, 30 మీటర్ల దూరంలోని గోడలు అంటుకోలేదు. కొయ్యగోడను అంత పెద్ద అడవి మంట కూడా 20 మీటర్ల అవతలనుంచి తన వేడితో కాల్చలేకపోయింది!

మరి అటువంటప్పుడు వందల మీటర్ల దూరంలోని ఇళ్లు ఎలా కాలుతున్నాయి? ఇక్కడే మూడో దారి వస్తుంది. అదే అన్నిటికంటె మోసకారి.

గాలిలో ఎగిరే విత్తనం

మంట పైన గాలి వేడెక్కి, తేలికై, వేగంగా పైకి లేస్తుంది. ఆ ఊపులో కాలుతున్న ఆకు ముక్కలు, బెరడు ముక్కలు, పిప్పి పీచులు ఆకాశంలోకి లేచిపోతాయి. వాటిని గాలి మోసుకుపోతుంది. ఇవే నిప్పురవ్వలు.

నిప్పురవ్వను విత్తనంతో పోల్చవచ్చు. విత్తనం బండమీద పడితే ఎండిపోతుంది, పదునైన దుక్కిలో పడితే మొలుస్తుంది. నిప్పురవ్వ ఊడ్చిన నేలమీద పడితే నిమిషంలో చల్లారుతుంది. ఎండుటాకుల గూట్లో, చూరులో దోపిన చీపురులో, పిడకల సందులో, గోనె సంచి మడతలో పడితే మంటై మొలుస్తుంది. రవ్వ ఎక్కడ పడుతుందో మనం చెప్పలేము. పడినచోట దానికి గూడు దొరుకుతుందా లేదా అన్నది మాత్రం మన పనే.

మన దేశంలోనే దీనికి మరువరాని ఉదాహరణ ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు మోస్తున్న "ఫోర్ట్ స్టికైన్" అనే ఓడ పేలిపోయింది. మండుతున్న పత్తి ఆకాశంలోకి ఎగిరి రేవు చుట్టుపక్కల బస్తీలమీద పడింది. ఓడకు దూరంగా ఉన్న ఇళ్లు కూడా అంటుకున్నాయి. ఆనాడు ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థమే ఏటా ఏప్రిల్ 14 నుంచి దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. మీ పాఠశాలకు ఆ సిబ్బంది వచ్చినప్పుడు ఈ సంగతి వారిని అడగండి.

ఇతర దేశాల అనుభవమూ ఇదే. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో అడవి మంటలకు 173 మంది మరణించారు. రెండు వేలకు పైగా ఇళ్లు కాలిపోయాయి. 2018 నవంబరు 8న అమెరికాలోని కాలిఫోర్నియాలో పారడైజ్ అనే పట్టణం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ మంటలో 85 మంది మరణించారు, 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. తర్వాత తీసిన ఛాయాచిత్రాల్లో ఒక విచిత్రం కనిపించింది. ఇళ్లు బూడిద కుప్పలు. వాటి మధ్య పచ్చని పెద్ద చెట్లు నిలిచే ఉన్నాయి! అడవి మంట ఒక అలలా వచ్చి ఊరిని మింగి ఉంటే ముందు ఆ చెట్లు కాలాలి కదా. జరిగింది వేరు. రవ్వలు వచ్చి ఇళ్లమీద, ఇళ్ల పక్క చెత్తమీద వాలాయి. ఒక ఇల్లు అంటుకుంది. ఆ ఇల్లే పక్కింటికి మంటయింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ నగరం అంచుల్లో 16 వేలకు పైగా కట్టడాలు కాలినప్పుడు కూడా గాలివాటున వచ్చిన రవ్వలే దారి చూపాయి.

చూశారా! వేల మైళ్ల దూరంలోని ధనిక నగరానికీ, మన తాటాకు వీధికీ సూత్రం ఒక్కటే. పెద్ద మంట ఇంటిని కాల్చడం తక్కువ. ఇంటిని ఆనుకొని పుట్టే చిన్న మంట కాల్చడమే ఎక్కువ.

ఇంటి చుట్టూ మూడు వలయాలు

ఈ జ్ఞానం నుంచే ఇంటి చుట్టూ రక్షణ స్థలం అనే పద్ధతి పుట్టింది. కాలిఫోర్నియాలో మంట ప్రమాదం ఉన్న చోట్ల ఇంటి చుట్టూ 100 అడుగుల వరకు ఇంధనాన్ని తగ్గించాలని చట్టమే ఉంది. ఇంటిని ఆనుకొన్న మొదటి 5 అడుగులను ప్రత్యేకంగా చూడాలని 2020లో అక్కడ మరో చట్టం చేశారు. మన కొలతల్లో చెప్పుకుందాం. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు, సుమారు ఆరడుగులు. టేపు అక్కరలేదు, మీ నాన్నగారి చేతులు చాలు.

మొదటి వలయం: గోడ నుంచి ఒక బార. ఇక్కడ కాలేది ఏదీ ఉండకూడదు. కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు, పాత చాపలు, అట్టపెట్టెలు, గోనె సంచులు వద్దు. నేలను ఊడ్చి, అలికి ఉంచడం మేలు. మన ఇళ్లలో రోజూ తెల్లవారి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతారు కదా. వీధివైపు రక్షణ వలయాన్ని మన అమ్మలు రోజూ గీస్తున్నారన్నమాట! లోపం పెరటివైపు ఉంటుంది. అక్కడికి చీపురు వారానికొకసారైనా వెళ్లదు.

రెండో వలయం: ఒక బార నుంచి ఐదు బారల వరకు, అంటే సుమారు 30 అడుగులు. ఇక్కడ చెట్లు, కూరపాదులు ఉండవచ్చు, కాని ఒకదానికొకటి ఎడంగా ఉండాలి. కొమ్మలు కప్పుమీద వాలకూడదు. నీటిపాలు ఎక్కువగా ఉండే అరటి, కలబంద వంటివి ఇక్కడ పెంచుకోవచ్చు. అయితే అరటికి వేలాడే ఎండుటాకులు ఎప్పటికప్పుడు కోసేయాలి. కొబ్బరి, తాటి చెట్లకు తలకింద వేలాడే ఎండు మట్టలు మరీ ప్రమాదం. అవి అంటుకుంటే చెట్టు దివిటీ అవుతుంది, గాలిలో రవ్వలు వెదజల్లుతుంది. ఎండు తాటి కమ్మల దడి ఈ వలయంలో ఉంటే, ఇంటికి తగిలే చోట కనీసం ఒక బార మేర తీసేసి మట్టిగోడో రాతికట్టో పెట్టండి. రహదారికి గండి కొట్టినట్టవుతుంది.

మూడో వలయం: ఐదు బారల నుంచి పదిహేడు బారల వరకు, అంటే సుమారు 100 అడుగులు. గడ్డికుప్ప, పిప్పి గుట్ట, కట్టెల మోపులు వీలైనంతవరకు ఈ వలయపు చివర గాని, దానికి అవతల గాని ఉండాలి. పొడుగు ఎండుగడ్డిని వేసవికి ముందే కోయాలి. ఇల్లు కొండవాలులో ఉంటే పల్లంవైపు ఇంకా ఎక్కువ దూరం బాగుచేయాలి. ఎందుకంటే మంట ఎగువకు వేగంగా పోతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక అంచనా. అగ్గిపుల్ల తల కిందికి వంచి పట్టుకుంటే మంట పుల్లవెంట ఎంత త్వరగా పైకి వస్తుందో గుర్తు తెచ్చుకోండి.

అడవుల్లోనూ ఇదే సూత్రం. నల్లమల వంటి అడవుల్లో అటవీశాఖవారు వేసవికి ముందే ఆకులు, గడ్డి తీసివేసి ఖాళీ బాటలు చేస్తారు. వాటిని ఫైర్ లైన్లు అంటారు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల సాయంతో మంటలను కనిపెట్టి రాష్ట్రాలకు హెచ్చరికలు పంపుతుంది. ఉపగ్రహం మంటను చూపగలదు, దారి మూసేది మాత్రం ముందుగా ఊడ్చిన ఆ బాటే.

కప్పు సంగతి

రవ్వలకు అన్నిటికంటె పెద్ద వాలుచోటు కప్పే. ఉత్తరాంధ్ర తీరంలోని పాతకాలపు చుట్టిళ్లు మీరు చూసే ఉంటారు. గాలివానకు తట్టుకునేలా కప్పును నేలకు చాలా దగ్గరగా దించుతారు. తుపానుకు అది మంచిదే, కాని నేలమీద పుట్టిన చిన్న మంటకు చూరు చేతికందినట్టుంటుంది. అటువంటి ఇంటికి మొదటి వలయం మరింత ముఖ్యం.

కప్పును మంటకు ఓర్చేలా చేయవచ్చా? కొంతవరకు చేయవచ్చు. మట్టి మండదు. తాటాకు మీద, లోపలి వైపు మట్టిపూత పూస్తే గాలి తగలదు, వేడి ఆలస్యంగా చేరుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వానకు కరగని మట్టిపూతను రూపొందించి, పూరికప్పులకు దాన్ని వాడే పద్ధతిని చూపింది. కొన్ని పాత ఇళ్లలో కప్పు కింద వెదురు పరిచి, మట్టి మెత్తిన అటక ఉండేది. పైన తాటాకు కాలినా కింద ధాన్యం, సామాను దక్కేవి.

"మాది డాబా ఇల్లు, మాకేం భయం?" అనుకుంటున్నారా? సిమెంటు కప్పు కాలదు, నిజమే. కాని డాబాకు ముందు వేసిన తాటాకు పందిరి, ఆకుపచ్చ వల, పైన ఎండబెట్టిన పాత సామాను, కిటికీ పక్కన పేర్చిన కట్టెలు కాలుతాయి. కిటికీ పగిలితే మంట లోపలి మంచాన్ని, బట్టలను అందుకుంటుంది. వంటగది గ్యాసుకు మారినా స్నానాల నీళ్లకు పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ పొయ్యిని గాలివాటు చూసి, మూడు వైపులా మట్టిగోడ కట్టి, పని కాగానే నీళ్లు చల్లి ఆర్పాలి. బూడిదను వెంటనే పెంటకుప్పమీద పోయకూడదు. పైకి చల్లగా కనిపించే బూడిద లోపల నిప్పులు గంటల తరబడి ఉంటాయి.

గడ్డికుప్ప తనంత తాను కాలుతుందా?

ఎవరూ నిప్పు పెట్టకపోయినా కుప్ప కాలిందంటే నమ్ముతారా? తడి ఆరని గడ్డిని కుప్ప వేస్తే లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి శ్వాసించేటప్పుడు వేడి పుడుతుంది. గడ్డి వేడిని బయటకు పోనివ్వదు. ఉష్ణోగ్రత సుమారు 70 డిగ్రీలు దాటేసరికి సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. కాని అప్పటికి గడ్డికీ ప్రాణవాయువుకీ మధ్య రసాయన చర్య ఊపందుకొని వేడి ఇంకా పెరగవచ్చు. కొన్ని రోజులకో వారాలకో కుప్ప లోపలినుంచి రాజుకుంటుంది. కుప్పలోంచి ఆవిరి వస్తున్నా, మాడిన వాసన వస్తున్నా పెద్దలకు చెప్పండి. మీరు కుప్ప ఎక్కకండి. లోపల కాలి గుల్లయితే కాలు దిగబడుతుంది. నీళ్లు సిద్ధం చేసుకొని, అగ్నిమాపక సిబ్బందిని పిలిచిన తర్వాతే కుప్పను విప్పాలి. గాలి తగలగానే అది భగ్గుమనవచ్చు. బాగా ఎండబెట్టిన గడ్డినే కుప్ప వేయడం, ఒకే పెద్ద కుప్పకు బదులు ఎడంగా రెండు మూడు వేయడం తెలివైన పని. ఒకటి పోయినా పశువులకు మేత మిగులుతుంది.

చెరకాకును తగలబెట్టకపోతే?

చెరకు నరికాక ఎండుటాకును పొలంలోనే కాల్చేయడం చాలామంది అలవాటు. మధ్యాహ్నం గాలి లేచిన వేళ ఆ మంటలోంచి లేచిన రవ్వలు ఊరివైపు వస్తే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు. అనకాపల్లిలో 1913 నాటి చెరకు పరిశోధన కేంద్రం ఉంది. ఎండుటాకును కాల్చకుండా సాళ్ల మధ్య, హెక్టారుకు సుమారు 3 టన్నుల చొప్పున పరచమని శాస్త్రజ్ఞులు సలహా ఇస్తారు. నేలలో తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, లేత పిలకలను తొలిచే పురుగు ఉధృతి తగ్గుతుంది, ఆకు కుళ్లి ఎరువవుతుంది. ఒకే పనితో భూమికి మేలు, ఊరికి రక్ష. అయితే పొలం ఇళ్లను ఆనుకొని ఉంటే, పరచిన ఆకుకూ ఇంటికీ మధ్య ఖాళీ నేల వదలాలి. పరచిన ఆకు కూడా ఎండు ఇంధనమే సుమా!

చోటు లేని వీధిలో ఏం చేయాలి?

ఇక్కడ మీలో కొందరు చెయ్యెత్తి అడుగుతారు: "మాస్టారూ, మా ఇంటికీ పక్కింటికీ మధ్య మూరెడు సందే ఉంది. వంద అడుగులు ఎక్కడినుంచి తెమ్మంటారు?"

ఇది అన్నిటికంటె మంచి ప్రశ్న. చూరుకు చూరు తగిలే వీధుల్లో ఎవరి వలయం వారు గీసుకోలేరు. మీ ఇంటి మొదటి వలయంలో పక్కవారి పిడకలుంటాయి, వారి వలయంలో మీ కట్టెలుంటాయి. మీరు ఎంత ఊడ్చినా పక్కింటి చెత్త అంటుకుంటే మీ ఇల్లు కాలుతుంది. అందుకే అక్కడ వలయం ఇంటికి కాదు, వీధికి గీయాలి. వీధిలోని గడ్డీ కట్టెలూ అన్నీ కలిపి ఊరి బయట ఒకచోట పెట్టుకొనే ఏర్పాటు కావాలి. మన పెద్దలు కళ్లాలను ఊరి వెలుపల ఉంచడంలో ఈ జాగ్రత్తా ఇమిడి ఉంది. పది ఇళ్లకొకచోటైనా కాలని అడ్డు, అంటే మట్టిగోడో పెంకుటిల్లో ఖాళీ స్థలమో ఉంటే మంట అక్కడ ఆగే అవకాశం ఉంటుంది.

పూర్వం వీధి అంటుకుంటే జనం ఏం చేసేవారో తాతగారిని అడగండి. మంటకు ముందున్న ఇంటి కప్పును గబగబా పీకి పారేసేవారు. ఒక ఇంటిని కోల్పోయి పదింటిని కాపాడుకొనేవారు. అదీ రక్షణ స్థలమే. కాకపోతే పరుగుల మీద, ఏడుపుల మధ్య చేసిన రక్షణ స్థలం. అదే పని మాఘమాసంలో తీరికగా, చీపురుతో చేస్తే ఎవరి కప్పూ పీకనక్కరలేదు.

ఒక ముఖ్య విషయం మరువకండి. ఎండిన తాటాకు కప్పు అంటుకుంటే నిమిషాల్లో పూర్తిగా మంటలపాలవుతుంది. అగ్నిమాపక శకటం ఎంత వేగంగా బయలుదేరినా దానికి దారి, సమయం కావాలి. మొదటి నిమిషాలు మనవి.

మంట వస్తే

ముందు మనుషులు బయటకు రావాలి. పిల్లలు, ముసలివారు ఎక్కడున్నారో లెక్క చూసుకోండి. 101కు గాని 112కు గాని ఫోను చేసి ఊరు, వీధి, గుర్తు స్పష్టంగా చెప్పండి. వీలుంటే గ్యాసు కట్టేయాలి, కరెంటు మెయిన్ ఆపాలి. కరెంటు ఆపకుండా తీగల మంటమీద నీళ్లు పోయకూడదు. పశువుల పలుపులు కోసి వదిలేయాలి. కట్టేసిన పశువు పారిపోలేదు కదా. ఒకసారి బయటపడ్డాక సామాను కోసం మళ్లీ లోపలికి వెళ్లకండి. పుస్తకాలు, కాగితాలు, పట్టాలు ఒక రేకుపెట్టెలో గుమ్మం దగ్గర ఉంచుకోవడం వేసవి అలవాటు కావాలి.

దూరంగా ఉన్న ఇళ్లవారు మంటను చూస్తూ నిలబడకూడదు. తమ కప్పులమీద, పెరళ్లలో రవ్వలు పడుతున్నాయేమో చూడాలి. తడిపిన గోనె సంచి, బకెట్టు ఇసుక, బిందెడు నీళ్లు చాలు ఒక రవ్వను చంపడానికి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా నేలమీద దొర్లాలి. కాలిన చోట ఇరవై నిమిషాలపాటు చల్లని నీరు ధారగా పోయాలి. సిరా, పేస్టు, నూనె వంటివి పూయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చేసి చూడండి

మొదటి ప్రయోగం పెద్దల సమక్షంలో, పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకొని, గాలి లేనిచోట చేయండి. ఒక పళ్లెంలో ఇసుక పోసి, ఒక మూల చిటికెడు కొబ్బరి పీచు, ఒక మూల పచ్చి ఆకు, ఒక మూల తడిపిన పీచు ఉంచండి. నాలుగో మూల వట్టి ఇసుక వదలండి. వెలిగించిన అగరువత్తి కొనను నాలుగు చోట్లా పది లెక్కపెట్టేదాకా ఆనించండి. రవ్వ ఎక్కడ బతికింది, ఎక్కడ చచ్చింది? రాసుకోండి.

రెండో ప్రయోగానికి నిప్పు అక్కరలేదు. మీ ఇంటి పటం గీయండి. ఒక బార, ఐదు బారలు, పదిహేడు బారల వద్ద మూడు గీతలు గీయండి. కాలే వస్తువు ఉన్న ప్రతిచోటా ఎర్ర చుక్క పెట్టండి. ఆపైన పక్కింటి స్నేహితుడి పటాన్ని మీ పటం పక్కన పెట్టి చూడండి. రెండు ఇళ్లకూ చెందిన చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. ఇలా తరగతిలోని పటాలన్నీ గోడకు అతికిస్తే మీ వీధి మొత్తం కనిపిస్తుంది. మంట ఏ దారిన నడుస్తుందో కూడా కనిపిస్తుంది.

ఆదివారం నాడు ఆ చుక్కల్లో మొదటి బారలోవి చెరిపేయడంతో పని మొదలుపెట్టండి. కావలసింది ఒక చీపురు, ఒక గంప, పక్కింటివారితో ఒక మంచి మాట.